నా దినాలు అయిపోయినాక

మా ఊర్లో నన్ను ఒకసారి కాల్చినారు. దర్భలు, జొన్నదంటు కలిపి మనిషి మాదిరి బొమ్మ కట్టి, దానికి నా పాత పంచె చుట్టి, మా చేని గట్టు మీద పండబెట్టి నిప్పు పెట్టినారు. పదకొండో దినం ఊరందరికీ అన్నం పెట్టినారు. నేను ఆ పొద్దు గోవాలో, సముద్రం ఒడ్డున ఒక కోట జైల్లో, ముక్కిన బియ్యపన్నంలో చేపముల్లు ఏరుకుంటా ఉండా. నా దినాల్లో వడలు, పాయసం కూడా పెట్టినారని తర్వాత తెలిసింది. నిజం చెప్తాండా, ఆ మాట వినంగానే బాధకంటే ముందు నోట్లో నీళ్లూరినాయి.

ఇది యాడ మొదలైందంటే నా నోటిదూల కాడనే. మాది కోడుమూరు దగ్గర పల్లె. ఎనిమిదెకరాల మెట్టచేను, రెండెద్దులు, నన్ను సాకిన మేనత్త, నా పెండ్లాం. అమ్మానాయన చిన్నప్పుడే పోయినారు. మాకు పిల్లలు లేరు. అప్పుడు కర్నూలే రాజధాని. గుడారాల్లో సర్కారు ఆఫీసులు ఉండేవి, యాడ చూసినా ఉపన్యాసాలే. ఇంగ్లీషోడు పోయినా గోవాలో పోర్చుగీసోడు ఇంగా కూర్చునే ఉండాడు, వాణ్ని తరమల్ల, కత్తి కర్ర లేకుండా జెండా పట్టుకోని అందరం సరిహద్దు దాటల్ల అని ఊరూరా చెప్తాండిరి. కోడుమూరు కాఫీ హోటల్లో ఒకాయన పేర్లు రాసుకుంటాండె. నా పక్కన మా ఊరాయనే, నాకు వరసకు బావ, అప్పటికే పేరు రాయించినాడు.

నేను నాకెందుకప్పా అని కాఫీ తాగుతాంటే బావ నవ్వి, పెండ్లాం కొంగు విడిచి వంక దాటలేనోడు కొండ దాటుతాడా అన్యాడు. అంతే. పదిమంది ఉండారు. అందరూ నవ్వినారు. మా సీమలో మనిషిని చంపల్లంటే కత్తే అక్కర్లేదు, పదిమందిలో అట్లాంటి మాట ఒకటి చాలు. కాఫీ లోటా బల్ల మీద కొట్టి, రాసుకో నా పేరు అన్యా. గోవా యా దిక్కున ఉండాదో కూడా నాకు తెల్దు.

ఇంటికొచ్చి పెండ్లాంతో చెప్పలే. రేపు కర్నూలుకు పోయి విత్తనాలు తెస్తా, మాపటికి వస్తా అని చెప్పినా. ఆమె రెండు జొన్నరొట్టెలు, ఊరిబిండి గుడ్డలో కట్టిచ్చింది. ఏడుస్తాదని భయపడి చెప్పకుండా పోలే. ఆమె ఏడ్చే మనిషి కాదు. వద్దంటాదని భయం. వద్దంటే నేను ఆగిపోతానేమోనని ఇంగా భయం. ఆగిపోతే మళ్లీ ఆ హోటల్లో కాలెట్ల పెట్టేది? ఇట్లాంటి గొప్ప కారణానికి నేను దేశసేవకు పోయినా.

గుంతకల్లు, హుబ్బళ్లి మీదుగా రైల్లో పోయి, ఆడ నుంచి అడవి దారిలో నడిచినాం. వాన. మా ఊర్లో మబ్బు కనపడితే దండం పెట్టేవాణ్ని. ఆ అడవిలో ఒకే దినంలో పడిన వాన మాకు రెండేండ్లకు సరిపోతాది. కాళ్లకు జలగలు. జెండా పట్టుకోని వరసగా పోతాంటే ఎదురుంగా తుపాకులు పేలినాయి. ముందు వరసలో ఎవరో కూలిపోయినారు. జనం చెల్లాచెదరైనారు. నేనూ పరిగెత్తినా. నేను వీరుణ్ణేం కాదు. ఒక రాయి మీద కాలు జారి వాగులో పడినా. బావ వెనక్కి తిరిగి చూసేసరికి నేను నీళ్లల్లో బోర్లా కొట్టుకోని పోతాండా. వాడు చూసింది అదే. వాడు ఊరికి పోయి చెప్పింది కూడా అదే, గుండు తగిలి పడినాడని ఒక్క మాట చేర్చి.

నేను కొట్టుకుపోయి, ఒక కొమ్మ పట్టుకోని, దగ్గుకుంటా ఒడ్డెక్కినా. ఎక్కిన ఒడ్డు వాళ్లది.

ఆ తర్వాత నెలరోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు చెమట పడతాయి. చిల్లులు పొడిచిన చెక్కబద్దతో అరచేతుల మీద కొట్టేవాళ్లు. ఆ చిల్లుల్లోకి చర్మం పీక్కోని బొబ్బలెక్కేది. వాళ్ల దేశానికి జై అనమనేవాళ్లు. అంటే పోయేది గదా, ఒక్క మాట, అర్థం కూడా తెలియని మాట. కానీ కొట్టి అనిపించుకునేవాని ముందు మా తట్టోళ్లు అంటారా? చేతులు గుమ్మడికాయలైనాయి. అన్నం తట్ట ముందర పెట్టినా ముద్ద చేసుకోలేకపోయినా. వేళ్లు వంగలే. అప్పుడు ఆ గదిలోనే ఉన్న ఒక ముసలాయన దగ్గరికొచ్చి, అన్నం కలిపి నాకు తినిపించినాడు. మా మేనత్త తర్వాత నాకు ముద్ద నోట్లో పెట్టింది ఆయనే. ఏడ్చినా. ఎందుకు దాచేది, చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినా.

ఆయనది బెళగావి పక్క పల్లె. రైతే. కన్నడాయన. మా కోడుమూరు తట్టున కన్నడం మాకు సగం ఇంటి భాషే, సంతలో అదే, ఎద్దుల బేరంలో అదే. అది నన్ను బతికించింది. లేకుంటే మరాఠీ, కొంకణి, పోర్చుగీసు మధ్యన మూగెద్దు మాదిరి ఉండేవాణ్ని. మిలిటరీ కోర్టులో ఎవడో కాగితం చదివి మరాఠీలో చెప్తే, ఎనిమిదేండ్లంటప్పా అని ఆయనే నాకు చెప్పినాడు. నేను లెక్కబెట్టినా. ఎనిమిది కార్ల పంట. ఎద్దులు ముసలివైపోతాయి. కోపంతో రాయించిన ఒక్క పేరుకు ఎనిమిదేండ్లు.

కోటలో మమ్మల్నిద్దర్నీ ఒకే గదిలో పెట్టినారు. ఎత్తు మీద ఒక కిటికీ, చెయ్యి పట్టేంత. దాంట్లో నుంచి సముద్రం కనపడదు, వినపడతాది. గోడలకు నీళ్లు కారేవి. పంచె ఎప్పుడూ ఆరేది కాదు. తొడల సందున పుండ్లు. ఇద్దరం బేదులు పట్టి రోజుల తరబడి లేవలేదు. బయటకు తీసి రాళ్లు మోయిస్తే అదే పండగ, ఎండ తగిలేది. ఊరికి నేను రెండు జాబులు రాసినా. వాళ్లకు రాని భాషలో జాబు పోనియ్యరంట, చించి నా ముందరే పారేసినారు. మా ఇంట్లో నేను బతికే ఉండానని తెలిసే దారి లేదు. ఆ సంగతి నాకు పుండ్ల కంటే ఎక్కువ సలిపేది.

ఎట్ల బతికినావప్పా అని శానామంది అడిగినారు. సేద్యం చేసి బతికినా. అబద్ధం కాదు. పొద్దున్నే లేచి ముసలాయనా నేనూ గోడకానుకోని కూర్చోని నా చేను దున్నేవాళ్లం. ఈ పొద్దు పైచెక్కలో రెండు సాళ్లు పోయినాయి, రేపు గుంటక తోలల్ల అని లెక్క. ఎద్దు కాలు కుంటితే ఆ దినం సేద్యం బందు. కొర్ర వేద్దామని నేను, జొన్నే వెయ్యల్ల, ఆ నేల ఎర్రగా ఉండాదని నువ్వే చెప్తివి గదా అని ఆయన. ఒకసారి నీళ్లు పోయేదానికి గట్టు యాడ తెంపల్లనే దాని మీద ఇద్దరికీ మాటా మాటా పెరిగి, రెండు దినాలు మాట్లాడుకోలే. లేని గట్టు కోసం! కావలోడు చూసి పిచ్చోళ్లనుకోని నవ్వినాడు. మూడో దినం ముసలాయనే, పోనీలేప్పా నీ చేను నీ ఇష్టం అన్యాడు. నేను సిగ్గుపడి సగం చేను ఆయనకే ఇచ్చేసినా.

రెండో వానాకాలంలో ఆయనకు దగ్గు ముదిరింది. రక్తం పడేది. నేను తలుపు బాదినా, అరిచినా, ఎవరూ రాలే. మూడు దినాలకు వచ్చినారు. అప్పటికే ఆయన నా తొడ మీద తల పెట్టి, కళ్లం చేసి గింజ ఇంటికి చేర్చు, తడుస్తాది అని చెప్పి పోయినాడు. ఆయనకు నేను ఏమీ కాను. ఆయన పెండ్లాం బిడ్డలు యాడ ఉండారో ఊరి పేరు తప్ప నాకు తెల్దు. విడుదలైనాక ఆ ఊరికి పోయి చెప్పొచ్చినా. మా నాయన చచ్చినప్పుడు నాకు ఊహ తెల్దు, అందుకని నాయన పోతే ఎట్లుంటాదో నాకు ఈయనతోనే తెలిసింది. ఆ తర్వాత ఒంటిగా సేద్యం చేయబుద్ధి కాలే.

ఎందుకు పట్టినారో ఎంత వివరంగా చెప్పినారో, ఎందుకు విడుస్తాండారో అంత వివరంగా ఏమీ చెప్పలే. ఒక దినం తలుపు తీసి నడువమన్యారు, సరిహద్దు దాటించినారు. నాకు విధించిన ఎనిమిదేండ్లల్లో మిగిలినవి ఏమైనాయని నేను అడగలే. ఇవతలి పక్క పూలదండలేసినారు. ఆడనుంచి బెళగావి పక్క పోయి, మళ్లీ రైలెక్కి కర్నూలొచ్చినా. గుడారాలు లేవు. రాజధాని హైదరాబాదుకు పోయిందంట. దాదాపు రెండేండ్లు. నాతో పాటు కర్నూలు కూడా నష్టపోయిందిలే అనుకోని బస్సెక్కినా.

ఊరి పొలిమేరలో మేకలు తోలుకోని ఒకామె ఎదురొచ్చింది. మా వీధామే. నన్ను చూసి చేతిలో కట్టె పారేసి, మేకల్ని కూడా విడిచి, ఊర్లోకి ఉరికింది. గడ్డం పెరిగింది, గుర్తుపట్టలేదేమో అనుకున్నా. నవ్వుకుంటా పోతాండా. ఊరి మొదట్లోకి పోయేసరికి జనం. ముందు మా మేనత్త. రెండు చేతులూ చాపి, కండ్లల్లో నీళ్లు కారిపోతాంటే, ఆడనే నిలబడు నాయనా, ఒక్క అడుగు కూడా వెయ్యద్దు అని మొక్కుతాండాది. దగ్గరికొచ్చి కావలించుకోల్సిన మనిషి, నాకు ముద్దలు పెట్టి సాకిన మనిషి, పదడుగుల దూరంలో నిలబడి మొక్కుతాండాది.

అప్పుడు తెలిసింది నేను చచ్చిపోయినానని. బావ మాట నమ్మలేక ఎనిమిది నెలలు చూసినారంట. ఆత్మ తిరుగుతాంటాది, దినాలు చెయ్యకుంటే ఇంటికి మంచిది కాదని చేసేసినారంట. నేను దయ్యం కాదని పెద్దోళ్లు తొందరగానే ఒప్పుకున్నారు, నా నోరు విన్న తర్వాత ఎవరికీ అనుమానం మిగల్లే. కానీ దినాలు జరిగిన మనిషి మళ్లీ ఇంట్లోకి ఎట్ల వచ్చేది? అది అరిష్టం. మా పక్క ఎవరి ఎరుకలోనూ అట్ల జరగలే. కోడుమూరు నుంచి పురోహితుణ్ని పిలిపించి అడిగేదాంక నన్ను చేని కొట్టంలో ఉండమన్యారు. అన్నం ఆకులో పెట్టి దూరంగా పెట్టి పోయేవాళ్లు.

నాకు ఒళ్లు మండింది. పరాయి దేశంలో జైలు, సొంత ఊర్లో జైలు. ఒక్క కేక పెట్టి ఇంట్లోకి నడిచిపోయి ఉంటే ఎవడాపేవాడు? ఆపేవాళ్లు లేరు. నన్ను ఆపింది ఇంకొకటి. అంతమంది జనంలో నా పెండ్లాం లేదు. నేనొచ్చినానని ఊరంతా తెలిసినా, పరుగెత్తుకోని రాలే. రెండో దినం కూడా రాలే. గుమ్మంలోకి నేను పోతే ఆమె లోపలికి రానిస్తాదా, ఆమెకు నేను కావల్లా వద్దా, అది తెలియకుండా నా కాలు లేవలే.

బావ వచ్చినాడు. కొట్టం ముందర బోర్లా పడి నా కాళ్లు పట్టుకునేకొచ్చినాడు. వాడు కనపడితే పండ్లు రాలగొట్టల్లని రెండేండ్లు అనుకున్నా. వాని గడ్డం తెల్లబడిపోయింది. వాడే నా కోసం దినాల ఖర్చంతా పెట్టుకున్నాడంట. లేప్పా, నువ్వు చూసింది నిజమే, నేను పడినా, పడింది కాలు జారి, అంతే తేడా అన్యా. వాడు ఇంగా ఏడ్చినాడు.

మూడో దినం పురోహితుడొచ్చినాడు, వయసైన మనిషి, మంచోడు. శాస్త్రంలో దారి ఉండాదంట. దినాలైన మనిషి మళ్లీ పుట్టల్ల. నెయ్యి కలిపిన నీళ్లల్లో కూర్చోబెట్టి, గర్భంలో నుంచి తీసినట్ల బయటకు తీసి, పుట్టిన పిల్లోనికి చేసేవన్నీ చేసి, మళ్లీ పేరు పెట్టల్ల. ఆ తర్వాత పెండ్లాం మెడలో మళ్లీ తాళి కట్టల్ల. మా మేనత్త అడిగింది, ఆ పిల్లకే కట్టల్లనా అని. ఆమెకే కడితే మంచిది, ఆమె కాదంటే ఇంకొకరిని చేసుకున్నా శాస్త్రం ఒప్పుతాదని చెప్పినాడు. ఆమె కాదంటే ఆమె గతేమి అని నేనడిగినా. ఇప్పుడెట్లుండాదో అట్లనే ఉంటాదని చెప్పి, తల దించుకున్నాడు.

పెద్దోళ్లు ఆ నిమిషమే ముహూర్తం పెట్టేసినారు. ఎనిమిదో దినం, పొద్దున్నే.

ఐదో దినం మధ్యాన్నం అన్నం తెచ్చింది నా పెండ్లాం. బొట్టు లేదు. చేతులు బోసిగా ఉండాయి. ఆకు కింద పెట్టింది కానీ అందరి మాదిరి వెళ్లిపోలే. కొంచెం దూరంలో నీడలో కూర్చుంది. రెండేండ్లు మాట్లాడుకోని పెట్టుకున్న మాటలన్నీ యాడికి పోయినాయో. ఎట్లుండావని అడిగినా. ఆమె దానికి జవాబు చెప్పకుండా నన్ను ఒకటే అడిగింది.

“ఆడ నేను గుర్తొస్తాంటినా?”

అబద్ధం చెప్పేదానికి నా నోరు తయారుగానే ఉండె. ఆ బోసి చేతులు చూసి చెప్పలేకపోయినా. మొదట్లో ఏడెనిమిది నెలలు గుర్తొస్తాంటివి అన్యా. తర్వాత నీ మొగం గుర్తుకు రాలే. చేను గుర్తొచ్చేది, గట్టు మీద రాళ్లు కూడా ఏది యాడుండాదో గుర్తొచ్చేది. నువ్వు గంప ఎత్తుకోని సంగటి తెస్తాంటివి, చేతులు కనపడేవి, గాజుల చప్పుడు వినపడేది. తల ఎత్తి చూస్తే మొగం ఉండేది కాదు. ఎన్నిసార్లు చూసినా ఉండేది కాదు. పదేండ్లు కాపురం చేసినా, పగటిపూట నీ మొగం నేను సరిగా చూడనేలేదని అప్పుడు తెలిసింది. జైల్లో పక్కనున్న ముసలాయనతో కూడా ఆ మాట చెప్పలేకపోయినా, అంత సిగ్గేసింది.

నేను చచ్చినానురా అనుకున్నా.

తర్వాత ఆమె మొదలుపెట్టింది. గాజులు పగలగొట్టే పొద్దు ఆమెకు ఏడుపు రాలేదంట. చెప్పకుండా పోయినానని కోపమొకటే ఉండెనంట. ఏడువు ఏడువు అని పక్కనున్నోళ్లు గిచ్చినారంట. తర్వాత చేను గుత్తకిమ్మని ఒకరి తర్వాత ఒకరు వచ్చినారంట, ముండమోపికి సేద్యమెందుకని. ఈమె ఇయ్యనని చెప్పింది. కూలికి మనిషి దొరకలే, దొరకనియ్యలే. ఈమే మడక పట్టి దున్నింది. మా పక్క ఆడోళ్లు విత్తనం వేస్తారు, కలుపు తీస్తారు, కోస్తారు, కట్టెలు మోస్తారు, కానీ మడక మేడి మీద చెయ్యి పెట్టకూడదు. పెడితే వాన పడదంట. ఊరు ఊరంతా వచ్చి గట్టు మీద నిలబడి తిట్టినారంట.

“ఆ ఏడు వాన పడింది కాబట్టి సరిపోయింది. లేకుంటే నన్ను బొమ్మ చెయ్యకుండానే కాల్చేవాళ్లు.”

నేను నవ్వినా. ఆమె నవ్వలే. చేటెడు మాటలు పోసినాక, ఆకులో అన్నం చల్లారిపోతాండాది తిను అనింది. నేను కలుపుకుంటాంటే, తల పక్కకు తిప్పుకోని, మెల్లగా అనింది.

“ఒక మాట చెప్తా. నువ్వు చచ్చిపోయినాక నేను బాగనే ఉండా. చేను మీద, సంత మీద నేనే పోతాంటి. మంచి నిద్ర పట్టేది. అది నీకు తెలియల్లని చెప్తాండా.”

చెక్కబద్ద దెబ్బలకంటే అది గట్టిగా తగిలింది. కానీ కోపం రాలేదు, అదే వింత. నాకు కోపం రాని పొద్దు అంటూ ఒకటి ఉంటే అదే. నేను ఆమె మొగం మర్చిపోయినా, ఆమె నేను లేకుండా నిద్రపోయింది. ఇద్దరం నిజమే చెప్పుకున్నాం. పదేండ్ల కాపురంలో అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

లేస్తా లేస్తా ఇంకొకటి చెప్పింది. పెండ్లికి నన్ను ఎవరూ అడగలేదు, అప్పుడు నాకు పన్నెండేండ్లు, పీటల మీద నిద్రపోయినా. దినాలకు అడగలేదు. నువ్వు పోయేటప్పుడు అడగలేదు, చెప్పను కూడా చెప్పలేదు. ఇప్పుడు ముహూర్తం కూడా నన్నడగకుండానే పెట్టినారు అనింది. నేనడుగుతాండా అన్యా. ఇప్పుడు అడగద్దు, నేను ఆలోచన చేసుకోవల్ల అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండు దినాలు ఆమె రాలే. మేనత్తను అడిగితే, అడిగినా చెప్పదప్పా, మడక పట్టినప్పటి నుంచి అది నోటికి తాళమేసుకుంది అనింది. ఒప్పుకోకుంటే ఏమి చెయ్యల్లని ఆలోచించినా. ఇంకొకతెను చేసుకునేదానికి నాకు మనసు లేదు. చేను ఆమెకే విడిచి, ముసలాయన పెండ్లాం బిడ్డలుండే ఊరికి పోయి కూలి చేసుకుందామనుకున్నా. అట్లైనా ఆమె మంచి నిద్ర పోతాది.

ఎనిమిదో దినం పొద్దున్నే మా ఇంటి ముందర పెద్ద గంగాళం పెట్టినారు. ఊరంతా చేరింది. మీసాలున్న మొగోణ్ని, ముప్పై ఏండ్లోణ్ని, గంగాళంలో మోకాళ్లు గడ్డానికి ఆనేటట్ల కుక్కి, పైన దుప్పటి కప్పినారు. నెయ్యి, పసుపు వాసన. పురోహితుడు మంత్రం చదువుతాంటే లోపల నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. తీసిరి. మా మేనత్త నాలిక మీద తేనె రాసింది. పుట్టిన పిల్లోణ్ని చేటలో పండబెట్టల్ల. నేను పట్టనని తల ఒకటే చేటలో పెట్టమన్యారు. పిల్లలు పడి పడి నవ్వినారు. మా అత్త నా చెవి కాడికి వంగి, నాకు ముందున్న పేరే మూడుసార్లు చెప్పింది.

ఆ పక్కనే పీటలేసినారు. ఇంగ ఆ పిల్లను పిలవండి అన్యాడు పురోహితుడు. తలుపు తెరుచుకోలే. ఒకామె లోపలికి పోయొచ్చి, వస్తానని చెప్పలేదు, రానని చెప్పలేదు అనింది. నేను తడి పంచెతో నిలబడి ఆ తలుపునే చూస్తాండా. గోవా కోటలో తలుపు కోసం కూడా అట్ల చూడలేదు.

వచ్చింది. తెల్లచీర కాదు, పొలానికి కట్టే ముదురు చీర. పీట మీద కూర్చోలే. నా ఎదురుంగా వచ్చి నిలబడి, అందరూ వినేటట్ల, నన్ను పేరు పెట్టి పిలిచింది.

మా పక్క పెండ్లాం మొగుని పేరు పలకదు. కలలో కూడా పలకదు. పలికితే ఆయుష్షు తగ్గుతాదంట. ఆడోళ్లందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మా మేనత్త, మొగుని పేరు పలుకుతావేమే అని మీదికి పోయింది. నా పెండ్లాం అటు తిరగను కూడా తిరగలే.

“ఇంగా తాళి కట్టలేదు గదా అత్తా. అప్పటిదాంక ఈయప్ప నాకేమీ కాడు, ఇప్పుడే పుట్టినాడు. పేరు పెట్టే పిలుస్తా.”

మళ్లీ పిలిచింది. నేను వింటాండా. ఆ గొంతులో నా పేరు ఎట్లుంటాదో పదేండ్లల్లో నాకు తెల్దు. అప్పుడు ఆమె మొగం చూసినా, పట్టపగలు, ఊరందరి ముందర, తల తిప్పకుండా చూసినా. ఎడమ కనుబొమ్మ పైన చిన్న మచ్చ ఉండాది. అది కూడా నాకు తెల్దు.

చేను నేనే చేస్తా, నువ్వూ చెయ్యి, సంతకు ఇద్దరం పోదాం, యాడికన్నా పోవల్లంటే నాతో కొట్లాడి పో, చెప్పకుండా పోవద్దు అనింది. ఇప్పుడు అడుగు అనింది.

అడిగినా. ఏమని అడిగినానో చెప్పను, అది ఊరందరూ విన్నారు, చాలు. ఆమె పీట మీద కూర్చోని మెడ వంచింది. నా వేళ్లు వంగలే. ముడి పడలే. మొదటి ముడి మా అత్త పట్టుకుంటే పడింది, మిగిలిన రెండూ అత్తే వేసింది.

ఆ తర్వాత ముప్పై ఎనిమిదేండ్లు కాపురం చేసినాం. ఇద్దరు పిల్లలు పుట్టినారు. ఊరి మీద కోపమొచ్చినప్పుడు ఇద్దరం కలిసే కోప్పడినాం, ఒకరి మీద ఒకరికి వచ్చినప్పుడు రోజంతా కొట్లాడినాం. యోవ్ అనేది, ఇదో అనేది, పిల్లల నాయనా అనేది. పేరు మాత్రం మళ్లీ పలకలే. చేన్లో ఎవరూ లేనప్పుడు, ఒక్కసారి పిలువే అని ఎన్నిసార్లు అడిగినానో. గుంటక ఆపి, కొంగుతో చెమట తుడుచుకోని, ఒకటే చెప్పేది.

“దానికి నువ్వు మళ్లీ చావల్ల. ఊరికే ఉండు.”